ఏటా గ్యాస్ కొట్టిస్తున్నాం, అయినా హాలు చల్లబడదేం?

ప్రశ్న: అన్నయ్యగారికి నమస్కారం. మాది మలికిపురం దగ్గర పల్లెటూరు. మా మామగారు కట్టించిన కల్యాణ మండపం ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. 2014లో హాలుకి రెండు డక్టబుల్ ఏసీలు పెట్టించాం. ఒక్కొక్కటి 8.5 టన్నులు, ఆర్-22 గ్యాస్ అని రేకు మీద ఉంది. అందులో తూర్పు వైపు మిషనుకి నాలుగేళ్ళుగా ఏటా గ్యాస్ తగ్గుతోంది. మెకానిక్ వస్తాడు, గేజ్ పెడతాడు, గ్యాస్ కొట్టి వెళ్తాడు. ఈసారి మాఘంలోనే కొట్టించాం. అయినా వైశాఖంలో ఒక పెళ్ళికి సరిగ్గా తలంబ్రాల వేళకి పైపు మీద మంచు కట్టేసి చల్లగాలి ఆగిపోయింది. పెళ్ళికూతురి తండ్రి అందరి ముందూ నన్ను నాలుగు మాటలన్నారు. ఇప్పుడేమో కంప్రెసర్ మార్చాలంటున్నారు. మా అబ్బాయి వీడియోలు చూసి, గేజ్ సెట్ కొనిస్తే తనే గ్యాస్ పెట్టేస్తానంటున్నాడు. శ్రావణంలో వరసగా పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాం. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ పెద్దమనిషి మాటలు మీకు ఎంత గుచ్చుకున్నాయో అర్థమైంది. అసలు సంగతి ముందే చెప్పేస్తాను. కంప్రెసర్ ఇప్పుడే మార్చకండి. గ్యాస్ కూడా ఇప్పుడే కొట్టించకండి. గ్యాస్ ఎక్కడ కారుతోందో తేలేదాకా ఆ మిషను మీద ఇంకో రూపాయి పెట్టొద్దు.

ఏసీలో గ్యాస్ స్కూటర్లో పెట్రోలు లాంటిది కాదు. అది వాడితే అయిపోయేది కాదు. కంప్రెసర్, మేడ మీది కాయిల్, ద్రవం ప్రెషర్ తగ్గించి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్, హాలు లోపలి కాయిల్, ఈ నాలుగింటి మధ్య అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. లోపలి కాయిల్లో ద్రవం ఆవిరవుతూ హాలు వేడిని పీల్చుకుంటుంది. మేడ మీది కాయిల్లో ఆ ఆవిరి మళ్ళీ ద్రవమవుతూ ఆ వేడిని బయట వదిలేస్తుంది. పైపుకి ఎక్కడా చిల్లు లేకపోతే 2014లో ఎక్కించిన గ్యాస్ ఇవాళ్టికీ అంతే ఉండాలి. మీ పడమటి మిషను సంగతే చూడండి. దానికి గ్యాస్ కొట్టించినట్టు మీరు ఎక్కడా రాయలేదు. రెండూ ఒకే ఏడాది పెట్టినవి, ఒకే హాలుకి పనిచేస్తున్నవి, ఒకే ఉప్పుగాలి తింటున్నవి. ఒకదానికి మాత్రం ఏటా తగ్గుతోందంటే దానికి చిల్లు ఉంది. చిల్లు కడవలో ఎన్ని బిందెలు పోసినా ఏం నిలుస్తుంది?

మంచు ఎందుకు కట్టిందో కూడా చెబుతాను, ఎందుకంటే ఇది చాలామందికి తికమకగా ఉంటుంది. మంచు కట్టిందంటే మిషను బాగా చల్లబరుస్తోందని అనుకుంటారు. అది పొరపాటు. గ్యాస్ తగ్గితే లోపలి కాయిల్లో ప్రెషర్ పడిపోతుంది. ప్రెషర్ పడితే ద్రవం ఇంకా తక్కువ వేడి దగ్గరే ఆవిరవడం మొదలుపెడుతుంది. కాయిల్ మొదటి వరసలు సున్నా డిగ్రీల కంటే కిందికి వెళ్ళిపోతాయి. కోనసీమ గాలిలో తేమకు కొదవ లేదు కదా, ఆ తేమ వచ్చి అక్కడ గడ్డకడుతుంది. ఆ మంచు కాయిల్ రేకుల సందుల్లో నిండి గాలికి దారి మూసేస్తుంది. గాలి ఆగేసరికి మంచు ఇంకా పెరుగుతుంది. మీకు తలంబ్రాల వేళ జరిగింది ఇదే.

అయితే ఇక్కడో మెలిక ఉంది. గ్యాస్ సరిపడా ఉండి, ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయినా ఇలాగే మంచు కడుతుంది. బ్లోయర్ బెల్టు జారుతున్నా కడుతుంది. గేజ్ మీద రెండు సందర్భాల్లోనూ ప్రెషర్ తక్కువే కనిపిస్తుంది. అది చూసి 'గ్యాస్ తగ్గింది' అని ఇంకాస్త కొట్టేస్తే, అవసరం లేని గ్యాస్ ఎక్కి కూర్చుంటుంది. రేపు ఫిల్టరు కడగగానే అదే మిషను ప్రెషర్ పెరిగి ట్రిప్ అవుతుంది. అందుకని మెకానిక్ గేజ్ తీసే ముందు ఫిల్టర్లు కడిగించండి, మంచు ఉంటే కంప్రెసర్ ఆపి బ్లోయర్ ఒక్కటే తిప్పి పూర్తిగా కరగనివ్వండి. ఆ తర్వాత చూసిన రీడింగే లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు చిల్లు వెతకడం. ఈ పనిలో నేను హెల్పర్‌గా చేరిన కొత్తలో గోదావరి గట్టు మీది ఒక ఊళ్ళో సినిమా హాలుకి మా మేస్త్రీ వెంట వెళ్ళాను. మీలాగే వాళ్ళకీ ప్రతి వేసవికీ గ్యాస్ తగ్గేది. మాకంటే ముందు వచ్చినవాళ్ళు కొట్టి వెళ్ళేవారు. మేమిద్దరం పొద్దున్నుంచి సబ్బునీళ్ళు పట్టుకుని ప్రతి నట్టూ, ప్రతి అతుకూ చూశాం. ఎక్కడా బుడగ లేదు. మధ్యాహ్నం హాలు ఊడ్చే పెద్దావిడ మమ్మల్ని చూసి, 'బాబూ, ఆ ఎడం మూల గోడవార ఎన్నిసార్లు సబ్బెట్టి కడిగినా మళ్ళీ జిడ్డుగానే ఉంటాదండి' అంది. మేస్త్రీ నిచ్చెన అక్కడ వేయించాడు. పైన ఫాల్స్ సీలింగ్ లోపల రాగి పైపు ఇనప క్లాంపుకి రాసుకుని రాసుకుని సూదిమొన అంత చిల్లు పడింది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా పైపుల్లో తిరుగుతుంది. గ్యాస్ కారే చోట ఆ నూనె చెమ్మలా బయటికి వస్తుంది, దాని మీద దుమ్ము అంటుకుని నల్లమరక అవుతుంది. ఆ రోజు నుంచి ఎక్కడికి వెళ్ళినా ముందు ఊడ్చేవాళ్ళనీ వాచ్‌మన్‌నీ అడగడం నాకు అలవాటు. మీరూ మీ మండపంలో పనిచేసేవాళ్ళని అడగండి. నల్లగా జిడ్డు మరక ఎక్కడ చూశారో, పైపు ఎక్కడ అదురుతోందో, రాత్రిపూట హాలు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఎక్కడైనా బుస్సుమని సన్నటి శబ్దం వినిపిస్తోందో వాళ్ళకే తెలుస్తుంది.

మీ ఊరు అంతర్వేది సముద్రానికి ఎంతో దూరం లేదు. అందుకని నా అనుమానం ముందు మేడ మీది కాయిల్ మీదికే పోతోంది. ఆ కాయిల్లో రాగి గొట్టాలు, వాటి చుట్టూ అల్యూమినియం రేకులు ఉంటాయి. రెండు వేరు లోహాలు ఆనుకుని ఉన్న చోట ఉప్పు తేమ చేరితే ముందు అల్యూమినియం తినేస్తుంది, తెల్లటి పొడిగా రాలిపోతుంది. వేలితో తాకి చూడండి, రేకులు పిండిలా రాలితే ఆ కాయిల్ పని అయిపోవస్తున్నట్టే. రేకు పోయిన చోట వేడి బయటికి పోదు, గొట్టానికి అండా ఉండదు. సముద్రం వైపు తిరిగి ఉన్న ముఖం, అడుగు రెండు వరసలు, బురదా ఆకులూ పేరుకునే మూలలు ముందు చూడాలి. మీ తూర్పు మిషనుకే ఇలా ఎందుకవుతోందంటే, దానికి గాలి ఎదురుగా తగులుతూ ఉండొచ్చు, పడమటిదానికి నీళ్ళ ట్యాంకో గోడో అడ్డు ఉండొచ్చు. మేడ ఎక్కి ఆ కళ్ళతో ఒకసారి చూడండి.

ఇంకో విషయం అడగాలి. ఆ కాయిల్‌ని ఏ నీళ్ళతో కడుగుతున్నారు? మీ వైపు చాలా ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పు. వేసవిలో కాలవలు కట్టేశాక చేతికి దొరికేది ఆ బోరు నీళ్ళే. వాటితో కాయిల్ కడిగితే దుమ్ము పోతుంది కానీ, ఎండకి నీళ్ళు ఆరిపోయాక ఉప్పు మాత్రం రేకుల మీదే ఉండిపోతుంది. ఒక పక్క సముద్రం చల్లే ఉప్పు చాలదన్నట్టు మనం చేతులారా ఇంకాస్త చల్లినట్టవుతుంది. మంచినీళ్ళ ట్యాంకు నీళ్ళో, వానాకాలం పట్టి ఉంచిన నీళ్ళో వాడండి. పైపు ధారని రేకులకి నిలువుగా, మెల్లగా పట్టాలి. బైకులు కడిగే ప్రెషర్ పంపు పెడితే రేకులు వంగిపోతాయి. సముద్రం దగ్గరి ఊళ్ళలో నెలకోసారి ఊరికే మంచినీళ్ళతో తడిపి ఉప్పు దించేసినా ఆ కాయిల్ ఆయుష్షు పెరుగుతుంది. దాళ్వా కోతలయ్యాక మాత్రం తప్పకుండా కడిగించండి. నూర్పిళ్ళ నుసి ఆ రేకుల మీద దుప్పటిలా పరుచుకుని ఉంటుంది, ఆ వెంటనే వైశాఖం పెళ్ళిళ్ళు వస్తాయి.

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి హాలు ఖాళీగా ఉంటుంది. అసలు పని పెట్టుకోవడానికి అదే సరైన సమయం. వచ్చే మెకానిక్ ఏ వరసలో పని చేయాలో చెబుతాను. మీరు పక్కనే నిలబడి చూడండి, అడగండి. అడిగితే చిన్నబుచ్చుకునే మెకానిక్ అయితే వేరే మనిషిని చూసుకోవచ్చు.

మిగిలి ఉన్న గ్యాస్‌ని గాలిలోకి వదిలేయకూడదు. రికవరీ మిషనుతో ఖాళీ సిలిండరులోకి లాగాలి. ఆర్-22 పైన ఓజోన్ పొరని తినేస్తుంది, పైగా అది మీరు డబ్బు పెట్టి కొన్న సరుకు. ఆ తర్వాత పైపుల్లోకి డ్రై నైట్రోజన్ ఎక్కించాలి, రెగ్యులేటర్ పెట్టి, రేకు మీద రాసి ఉన్న ప్రెషర్ పరిమితి దాటకుండా. నైట్రోజన్ సిలిండరు దొరకలేదని వెల్డింగ్ షాపు నుంచి ఆక్సిజన్ తెస్తానంటే మాత్రం అక్కడికక్కడే ఆపేయండి. ప్రెషర్‌లో ఉన్న ఆక్సిజన్ కంప్రెసర్ నూనెతో కలిస్తే పేలుతుంది. ఈ పనిలో మనుషుల ప్రాణాలు తీసిన తప్పు ఇది. నేను ఇంత గట్టిగా చెప్పేది దీని గురించే.

నైట్రోజన్ ఎక్కించి సబ్బునీళ్ళు పూస్తే చిన్న చిల్లు కూడా బుడగ కడుతుంది. సర్వీస్ వాల్వుల పిన్నులు, వాటి మూతలు, ఫ్లేర్ నట్లు, కాయిల్ చివర వంపులు, క్లాంపుల కింద పైపు, ఇన్సులేషన్ కప్పి ఉన్న చోట్లు, అన్నీ చూడాలి. ఇన్సులేషన్ కోయడానికి బద్ధకిస్తే చిల్లు దొరకదు. సాయంత్రం ప్రెషర్ ఎంత ఉందో, గాలి వేడి ఎంత ఉందో చీటీ మీద రాసి గేజ్‌కి కట్టి ఉంచమనండి. పొద్దున్న చూస్తే కాస్త దిగి ఉంటుంది, కంగారు పడొద్దు. సాయంత్రం 34 డిగ్రీల దగ్గర 250 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) పెడితే, తెల్లవారి 26 డిగ్రీలకి చల్లబడినప్పుడు చిల్లు లేకపోయినా సుమారు 243కి వస్తుంది. 220, 200 అని చూపిస్తే మాత్రం ఎక్కడో పోతున్నట్టే.

చిల్లు దొరికితే దాన్ని బ్రేజింగ్ చేయాలి, అంటే మంటతో లోహపు కడ్డీ కరిగించి అతకాలి. ఎంసీల్ ముద్దలు, గమ్ టేపులు కుదరవు, అవి ఒక పెళ్ళికి ఆగుతాయి, రెండో పెళ్ళికి ఆగవు. బ్రేజింగ్ చేస్తున్నంతసేపూ పైపులో సన్నగా నైట్రోజన్ పారుతూ ఉండాలి. లేకపోతే వేడికి రాగి లోపల నల్లటి పొర కట్టి, తర్వాత అది రాలి ఎక్స్‌పాన్షన్ వాల్వులో ఇరుక్కుంటుంది. పైపు విప్పారు కాబట్టి లోపలి తేమనీ నలకనీ పట్టే ఫిల్టర్ డ్రయ్యర్ కొత్తది వేయాలి. అది చిన్న సామాను, దాని దగ్గర పొదుపు వద్దు.

ఇక్కడిదాకా చాలామంది బాగానే చేస్తారు. తేడా వచ్చేది వాక్యూమ్ దగ్గర. మనది ఆషాఢం, చినుకులు పడుతూ ఉంటాయి, పైపు విప్పిన ఆ కాసేపట్లోనే లోపలికి తేమ చేరుతుంది. ఆ తేమ గ్యాస్‌తో, నూనెతో కలిసి వేడెక్కితే యాసిడ్ పుడుతుంది. ఆ యాసిడ్ కంప్రెసర్ లోపలి వైండింగ్ వార్నిష్‌ని మెల్లగా తినేస్తుంది. వాక్యూమ్ పంపు పని గాలిని లాగడం ఒక్కటే కాదు. లోపలి ప్రెషర్ బాగా పడిపోతే నీళ్ళు మామూలు గది వేడికే మరిగి ఆవిరైపోతాయి, ఆ ఆవిరిని పంపు లాగేస్తుంది. తేమ ఆరేది అలాగే. ఐదు నిమిషాలు పంపు తిప్పి సూది కిందికి వచ్చేసిందని ఆపేస్తే గాలి పోతుంది, తేమ ఉండిపోతుంది. మామూలు గేజ్ సూది ఆ తేడా చూపించలేదు. దానికి మైక్రాన్ గేజ్ కావాలి. బయటి గాలి ప్రెషర్ 7,60,000 మైక్రాన్లు, మనం దించాల్సింది 500కి. ఆ తర్వాత పంపు వాల్వు మూసి పావుగంట ఆగాలి. అంకె కొంచెం పెరిగి వెయ్యి, పదిహేను వందల దగ్గర ఆగిపోతే లోపల ఇంకా తేమ ఉంది, మళ్ళీ లాగాలి. ఆగకుండా పెరుగుతూనే పోతే చిల్లు ఇంకా ఉంది. మీ హాలు మిషనుకి పైపుల పొడవు కూడా ఎక్కువ కాబట్టి గంటా గంటన్నర పట్టినా ఆశ్చర్యపోకండి. ఆ గంటన్నరా మెకానిక్‌కి టీ ఇప్పించి కూర్చోబెట్టండి, తొందరపెట్టకండి.

గ్యాస్ ఎక్కించేది అప్పుడు, అన్నిటికంటే చివర. మిషను రేకు మీద ఎన్ని కిలోల గ్యాస్ పట్టాలో రాసి ఉంటుంది. పైపు పొడవు ఎక్కువైతే మీటరుకి ఇన్ని గ్రాములు కలపాలని కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది. సిలిండరుని కాటా మీద పెట్టి తూకం ప్రకారం ఎక్కించాలి. మీ కళ్ళ ముందు ముందు తూకం, వెనక తూకం రాయించండి. బిల్లులో 'గ్యాస్ ఫుల్' అని కాకుండా ఏ గ్యాస్, ఎన్ని కిలోలు అని ఉండాలి.

మీ మెకానిక్ ఇన్నాళ్ళూ గేజ్ మీద ఒక అంకె చూసి ఆపేస్తూ ఉండి ఉంటాడు. ఆర్-22 అయితే 65, 70 రావాలని చెబుతారు. ఆ అంకె తప్పు కాదు, కానీ అది హాలు వేడిని బట్టి మారుతుంది. మాఘమాసం పొద్దున్న ఖాళీ హాల్లో 70 వచ్చేదాకా కొట్టిన గ్యాస్, వైశాఖంలో నిండు హాలుకి ఎక్కువైపోవచ్చు. మీ మిషనులో చిల్లు ఉంది కాబట్టి ఆలోగా కారిపోయి తక్కువైంది, అంతే తేడా. తూకంతో పాటు చూడాల్సింది సూపర్‌హీట్. పేరు పెద్దది, లెక్క చిన్నది. ఆర్-22కి గేజ్ మీద 70 పీఎస్‌ఐ ఉంటే లోపల గ్యాస్ సుమారు 5 డిగ్రీల దగ్గర ఆవిరవుతోందని అర్థం. అదే సమయంలో కంప్రెసర్‌కి వచ్చే లావు పైపుకి థర్మామీటర్ క్లిప్ పెట్టి చూస్తారు. అక్కడ 12 ఉంటే తేడా 7, మంచిది. 22 ఉంటే తేడా 17, లోపలికి చాలినంత ద్రవం రావడం లేదు. తేడా ఏమీ లేకపోతే ద్రవం ఆవిరవకుండానే కంప్రెసర్‌లోకి వెళ్ళిపోతోంది. కంప్రెసర్ ఆవిరిని నొక్కడానికి చేసింది, ద్రవాన్ని నొక్కలేదు, విరిగిపోతుంది. ఫిల్టరు మూసుకుపోవడానికీ గ్యాస్ తగ్గడానికీ తేడా పట్టిచ్చేది కూడా ఈ లెక్కే.

కంప్రెసర్ మార్చాలన్నారు కదా. చెడిపోయి ఉండొచ్చు, నేను చూడలేదు. కంప్రెసర్ మోటార్ చల్లబడేది తిరిగొచ్చే చల్లటి గ్యాస్ వల్లే. నాలుగు వేసవులు సగం గ్యాస్‌తో నడిచిందంటే అది వేడికి మాడుతూ నడిచిందని. అయినా 'పోయింది' అనే మాట మీద నిర్ణయం తీసుకోవద్దు. మూడు ఫేజుల వైండింగ్ మీటరుతో చూడాలి, ఎర్త్‌కి కరెంటు కారుతోందేమో మెగ్గర్ మీటరుతో చూడాలి, కాంటాక్టర్ పాయింట్లు కాలాయేమో చూడాలి, నడుస్తుంటే మూడు వైర్లలో ఆంపియర్లు సమానంగా ఉన్నాయేమో టాంగ్ టెస్టరుతో చూడాలి. ఆ అంకెలు కాగితం మీద రాసివ్వమనండి. నిజంగా కాలిపోయి ఉంటే పాత నూనెలో యాసిడ్ ఉంటుంది, పైపులన్నీ శుభ్రం చేయకుండా, చిల్లు పూడ్చకుండా కొత్త కంప్రెసర్ పెడితే అదీ ఆ దారినే పోతుంది.

పల్లెటూళ్ళ మండపాల్లో నేను చాలాసార్లు చూసిన ఇంకో సంగతి ఉంది, జనరేటర్. పెళ్ళి మధ్యలో కరెంటు పోతుంది, జనరేటర్ వేస్తారు, ఏసీ తిరుగుతున్నట్టే ఉంటుంది కానీ చల్లగాలి రాదు, కంప్రెసర్ గరగరమంటుంది. గ్యాస్ పోయిందనుకుంటారు. అసలు సంగతేమిటంటే జనరేటర్ వైర్లు ఇచ్చినప్పుడు మూడు ఫేజుల్లో రెండు తారుమారయ్యాయి. ఇలాంటి మిషన్లలో ఎక్కువగా స్క్రోల్ కంప్రెసరే ఉంటుంది, అది వెనక్కి తిరిగితే గ్యాస్‌ని నొక్కలేదు. గేజ్ పెడితే రెండు వైపులా ప్రెషర్ దాదాపు ఒకటే చూపిస్తుంది. ఎలక్ట్రీషియన్ రెండు వైర్లు మార్చితే సరిపోతుంది. సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పెట్టించుకుంటే తారుమారైనా, ఒక ఫేజ్ పోయినా మిషను దానంతటదే ఆగిపోతుంది. చెరువుల మీద రాత్రంతా ఏరేటర్లు తిరిగే మీ వైపు వోల్టేజి కూడా పడుతూ ఉంటుంది కాబట్టి ఇది తప్పకుండా ఉండాలి.

మీరు అడగలేదు కానీ జనం సంగతి కూడా చెప్పాలి. మీ రెండు మిషన్లూ కలిపి 17 టన్నులు. ఒక టన్ను అంటే సుమారు 3.5 కిలోవాట్ల వేడిని లాగే శక్తి, అంటే మొత్తం 60 కిలోవాట్లు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. 300 మంది కూర్చుంటే 30 కిలోవాట్లు, అంటే ఒక మిషను పూర్తి శక్తి మనుషుల ఒంటి వేడికే సరిపోయింది. రెండో మిషను ఎండకీ, వీడియో లైట్లకీ, తెరిచి ఉంచిన తలుపులకీ. 600 మంది వస్తే రెండూ బాగున్నా మనుషులకే సరిపోతాయి, ఇంక దేనికీ మిగలదు. పిలుపులు ఘనంగా ఉండే మన గోదావరి జిల్లాల్లో 600 పెద్ద సంఖ్య కాదు. కాబట్టి హాలు బుక్ చేసుకునేటప్పుడే ఇంతమందికి ఏసీ చాలుతుంది, అంతకు మించితే చాలదు అని కాగితం మీద రాసుకోండి. భోజనాల హాలు తలుపు మూసి ఉంచండి. జనం రాకముందే, ముహూర్తానికి రెండు గంటల ముందే మిషన్లు వేయండి. గోడలు, కుర్చీలు, కార్పెట్ అన్నీ చల్లబడి ఉంటే తలంబ్రాల వేళకి హాలు తట్టుకుంటుంది.

మీ అబ్బాయి గురించి. నేర్చుకోవాలన్న ఉత్సాహాన్ని కాదనకండి, కానీ గ్యాస్ పెట్టే పని ఇప్పుడు వద్దు. ఎండలో మేడ మీది కాయిల్ వైపు ఆర్-22 ప్రెషర్ 260 పీఎస్‌ఐ దాటుతుంది. హోస్ జారితే బయటికి చిమ్మే ద్రవం మైనస్ 41 డిగ్రీల దగ్గర మరుగుతుంది, చేతి మీద పడితే చర్మం గడ్డకట్టి కాలినట్టవుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. మూసిన గదిలో లీకైతే అది గాలిని తోసేసి ఊపిరాడనివ్వదు. గ్యాస్ ఉన్న పైపుకి మంట తగిలిస్తే విషవాయువు వస్తుంది. దీన్ని వీడియో చూసి నేర్చుకోకూడదు. నిజంగా ఇష్టముంటే ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఏసీ మెకానిక్ కోర్సు రెండేళ్ళు ఉంది, డిగ్రీ అయ్యాక కూడా చేరొచ్చు. ఈలోగా అతను చేయగల పని చాలా ఉంది. సీజన్లో పది రోజులకోసారి ఫిల్టర్లు కడగడం, మెయిన్ స్విచ్ కట్టేసి మేడ మీది కాయిల్ మంచినీళ్ళతో తడపడం, డ్రెయిన్ పైపులో పాచి తీయడం, వాల్వుల మూతలు ఉన్నాయో లేదో చూడటం. బల్లులూ చీమలూ దూరకుండా ప్యానెల్ బాక్సు రంధ్రాలు మూయించడం కూడా. ఒక థర్మామీటర్ కొనివ్వండి. మిషనులోకి వెళ్ళే గాలి ఎంత, బయటికి వచ్చే గాలి ఎంత అని వారానికోసారి పుస్తకంలో రాయమనండి. మామూలుగా 8 నుంచి 11 డిగ్రీల తేడా ఉంటుంది. తేమ బాగా ఉన్న రోజున కొంచెం తగ్గుతుంది. వారం వారం తేడా పడిపోతూ ఉంటే పెళ్ళి రోజు దాకా ఆగకుండా ముందే తెలిసిపోతుంది.

చివరిగా ఆ మిషను ఉంచాలా తీసేయాలా అన్న ప్రశ్న. ఓజోన్ కోసం 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 1992లో చేరింది. దాని ప్రకారం ఆర్-22 వాడకం దశలవారీగా తగ్గిస్తున్నారు. 2030 నాటికి పాత మిషన్ల సర్వీసుకి ఉంచే కొద్దిపాటి తప్ప మిగతాది ఆగిపోవాలి, ఆ కొద్దిదీ 2040 దాకానే. అంటే ఆ గ్యాస్ దొరకడం ఇంకా ఇంకా కష్టమవుతుంది. చిల్లు ఏ ఫ్లేర్ నట్టు దగ్గరో, క్లాంపు కిందో, వాల్వు పిన్ను దగ్గరో దొరికితే బాగు చేయించి నిశ్చింతగా ఇంకొన్నేళ్ళు నడపండి. మేడ మీది కాయిల్ రేకులు పిండిలా రాలిపోతూ, కంప్రెసర్ కూడా నిజంగా పోయిందని మెగ్గర్ చెబితే, ఆ రెండింటి మీదా డబ్బు పోయకుండా కొత్త మిషనుకి వెళ్ళడమే మంచిదని నా అభిప్రాయం. అప్పుడు సముద్రపు గాలికి తట్టుకునే పూత ఉన్న కాయిల్ కావాలని గట్టిగా అడగండి. ఈ రెంటికీ మధ్య ఎవరైనా 'ఆర్-22 దొరకడం లేదు, ఆర్-410ఎ కలిపేద్దాం' అంటే ఒప్పుకోకండి. దాని ప్రెషర్ ఆర్-22 కంటే ఒకటిన్నర రెట్లకు పైనే ఉంటుంది, నూనె కూడా వేరు. మీ పాత కాయిల్ దానికోసం చేసింది కాదు.

ఈ ఆదివారం మీ అబ్బాయిని తీసుకుని పొద్దున్నే, ఎండ రాకముందు, మెయిన్ కట్టేసి మేడ ఎక్కండి. తూర్పు మిషను వివరాలు రాసి ఉన్న రేకు ఫోటో, కాయిల్ అడుగు వరసల ఫోటో, ఎక్కడైనా జిడ్డు మరక కనిపిస్తే దాని ఫోటో తీయండి. ఫాల్స్ సీలింగ్ తలుపు తెరిచి పైపులు గోడ దాటే చోట కూడా చూడండి. నైట్రోజన్ పెట్టిన సాయంత్రం రాసిన అంకె, మర్నాడు పొద్దున్న అంకె నాకు పంపితే, కాయిల్ మార్చాలో అతుకుతో పోతుందో చూసి శ్రావణానికి ముందే చెబుతాను.